దగ్‌షాయి ఎర్ర ఇసుకరాయి ఏ కొండది?

అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకునేదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కాల్కా నుంచి సిమ్లా వెళ్లే దారిలో, సోలన్ జిల్లాలో సుబాథు, దగ్‌షాయి, కసౌలి అని మూడు కంటోన్మెంట్ ఊళ్లున్నాయి. 1864లో మెడ్లికాట్ అనే భూవిజ్ఞాని అక్కడి రాళ్లను వర్గీకరించి, పొరలకు ఆ ఊళ్ల పేర్లే పెట్టాడు. అడుగున సుబాథు. అది సముద్రంలో పేరుకున్న బురదరాయి, సున్నపురాయి. నాణేల్లాంటి నుమ్యులైట్ శిలాజాలు చేత్తో ఏరుకునేటట్టు కనబడతాయి. దాని మీద దగ్‌షాయి, ఎర్రటి బురదరాయి, ఇసుకరాయి. ఇక సముద్రం లేదు, నదులే. ఆ పైన కసౌలి, బూడిద రంగు ఇసుకరాయి. వీటి తర్వాతి కాలానివి దక్షిణాన శివాలిక్ గుట్టలు. అయిదు కోట్ల ఏళ్లకు పైబడిన చరిత్ర అది. మరి ఆ ఇసుక ఎక్కడిది? ఏ కొండ అరిగితే అక్కడికి చేరింది?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యం? కొండ తన చరిత్రను తనే చెరిపేసుకుంటుంది కాబట్టి. హిమాలయం పైకి లేస్తున్నకొద్దీ పైపొరలు అరిగిపోయాయి. మూడు కోట్ల ఏళ్ల కిందట శిఖరాల మీద ఏ రాయి ఉండేదో ఇవాళ శిఖరమెక్కి చూస్తే తెలియదు. అది ఇసుకై కిందికొచ్చి, కొండ పాదాల దగ్గరి పల్లంలో పొరలు పొరలుగా పేరుకుంది. అంటే కొండ పోగొట్టుకున్న పేజీలు పల్లంలో ఉన్నాయి, అదీ తిరగేసిన వరుసలో. కొండ మీద పైనున్న రాయి ముందు అరిగింది, కనుక పల్లంలో అడుగుకు చేరింది.

ముందు అనుమానితులెవరో చూద్దాం. ఉత్తరం నుంచి దక్షిణానికి రండి. మొదట లద్దాఖ్ గ్రానైట్లు. ఆసియా అంచున పుట్టినవి. జిర్కాన్ అంటే యురేనియం ఇరుక్కున్న గట్టి ఖనిజపు గింజ. ఆ యురేనియం ఎంత సీసంగా మారిందో లేజరు కొట్టి కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. వీటిలోని జిర్కాన్ల వయసు ఎక్కువగా నాలుగున్నర నుంచి ఏడు కోట్ల ఏళ్లు. తర్వాత సింధు అతుకు రేఖ. భారతానికీ ఆసియాకీ మధ్యలో ఉన్న సముద్రం మూసుకుపోయినప్పుడు చిక్కుకున్న సముద్రపు అడుగురాయి అక్కడుంది. దాని ఆనవాలు క్రోమ్ స్పినెల్ అనే నల్లటి ఖనిజం. దానికి దక్షిణాన టెథియన్ హిమాలయం, పాత సముద్రపు అవక్షేపాలు. వీటి జిర్కాన్లు 48 నుంచి 57 కోట్లు, 75 నుంచి 120 కోట్లు, మళ్లీ 250 కోట్ల దగ్గర కనబడతాయి. ఆ తర్వాత మహా హిమాలయం, బాగా కాలి రూపాంతరం చెందిన రాళ్లు. వీటిలో 80 నుంచి 170 కోట్ల దాకా పరుచుకుని, 110 కోట్ల చుట్టూ గుంపు కడతాయి. చివర లఘు హిమాలయం. అక్కడి లోపలి పట్టీలో 186 కోట్ల దగ్గర పెద్ద శిఖరం, ఆ పైన 260 కోట్ల దాకా. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అనే భ్రంశం, అంటే రాళ్లు జరిగిన పెద్ద చీలిక, మహా హిమాలయాన్ని లఘు హిమాలయం మీదికి ఎక్కించింది. మెయిన్ బౌండరీ థ్రస్ట్ లఘు హిమాలయాన్ని శివాలిక్‌ల మీదికి తోసింది.

వినడానికి ఎంత సులువుగా ఉంది! జిర్కాన్ తీశాం, వయసు చూశాం, ఊరు చెప్పేశాం. కానీ వయసు తెలిస్తే ఊరు తెలిసినట్టు కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీని చుట్టూనే తిరుగుతాం. 250 కోట్ల ఏళ్ల గింజ దొరికిందనుకోండి. టెథియన్‌లో ఉంది, లఘు హిమాలయంలో ఉంది, బుందేల్‌ఖండ్ గ్రానైట్‌లో ఉంది. మన హైదరాబాదు గుట్టల గ్రానైటుదీ దాదాపు అదే వయసు! ఒక్క ఆ గింజ పట్టుకుని ఏ తీర్పు చెబుతారు?

అందుకని పని లేజరు దగ్గర మొదలవదు, రాతిగుట్ట దగ్గర మొదలవుతుంది.

రాతిగుట్ట దగ్గర ముందు తేల్చుకోవలసింది నీరు ఎటు పారిందన్నది. ఇసుకరాయిలో అడ్డపొరలుంటాయి. పెద్ద పొర లోపల ఏటవాలుగా ఉండే సన్న గీతలు. అవి వాలినవైపే ప్రవాహం సాగింది. గులకరాళ్ల పొరైతే బల్లపరుపు రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఎగువ వైపుకు వాలి ఉంటాయి. ఒకచోట ఒకటి రెండు కొలిచి వదిలేయకండి, నదికి వంపులుంటాయి. ఇరవై పాతిక కొలతలైనా తీయండి. తర్వాతి మెట్టు చాలామంది మరిచేది. శివాలిక్‌లో పొరలు 30, 40 డిగ్రీలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ వాలి ఉంటాయి. అడ్డపొర వాలును ఉన్నదున్నట్టు రాసుకుంటే, అందులో కొండ వంచిన వాలు కూడా కలిసిపోతుంది. ముందు ప్రధాన పొర వాలు కొలవాలి, స్టీరియోనెట్ (వాలులు, దిశలు గీసుకునే గుండ్రటి గళ్ల కాగితం) మీద దాన్ని తిరిగి సమతలం చేయాలి, దానితోపాటు అడ్డపొర ఎటు తిరిగిందో చూడాలి. మడతకు అక్షం కూడా ఏటవాలుగా ఉంటే ఆ వాలు ముందు తీసేయాలి. వరుస తప్పితే దిశ తప్పుతుంది.

దిశ వల్ల ఏం తెలుస్తుంది? దక్షిణానికి పారిందంటే కొండల నుంచి నేరుగా దిగిన నది. కొండలకు సమాంతరంగా పారిందంటే, ఇవాళ గంగ పారినట్టు, పల్లం పొడవునా సాగిన పెద్ద నది. దాని ఇసుక ఎదురుగా ఉన్న కొండదే కానక్కరలేదు, వందల కిలోమీటర్ల అవతలిది కావచ్చు. ఈ తేడా తెలియకుండా ఎదురుగా కనిపించే కొండకు ఇసుకను అంటగడితే మొత్తం కథే తప్పు.

ఇక నమూనా. జిర్కాన్ కోసమైతే మధ్యస్థం నుంచి సన్నని ఇసుకరాయి, మూడు నాలుగు కిలోలు. పైనున్న కుళ్లు పొర కొట్టేసి లోపలి తాజా రాయి తీసుకోండి. ఇసుకరాయి లోపల బురదరాయి ముక్కలు ఇరుక్కుని ఉంటే అవి ఏరి పక్కన పెట్టండి. అవి ఆ నది తన గట్టు నుంచే కోసుకున్నవి, కొండవి కావు. అదే చోట, అదే మట్టంలో సూక్ష్మదర్శిని కింద చూసే పలచటి ఛేదానికి గుప్పెడంత రాయి ఒకటి, నియోడిమియం అనే మూలకాన్ని కొలవడం కోసం పావుకిలో బురదరాయి ఒకటి. మూడూ ఒకేచోటివి కాకపోతే తర్వాత ఒకదానితో ఒకటి పోల్చలేం. అన్నిటికంటే ముఖ్యం, మీరు పోల్చే నమూనాలన్నీ దాదాపు ఒకే పరిమాణపు గింజలున్నవై ఉండాలి. ఎందుకో జిర్కాన్ దగ్గర చెబుతాను.

ఇప్పుడు సూక్ష్మదర్శిని. 30 మైక్రాన్ల పలచటి ఛేదం చేస్తాం. పొటాష్ ఫెల్డ్‌స్పార్ తేలిగ్గా తెలియడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆవిరి పట్టి, సోడియం కోబాల్టినైట్రైట్‌తో రంగు వేస్తే అది పసుపుపచ్చగా మెరుస్తుంది. అప్పుడు గీతల వల మీద 300 నుంచి 400 బిందువుల కింద ఏ ఖనిజముందో లెక్కపెడతాం. గాజీ-డికిన్సన్ పద్ధతిలో ఒక నియమముంది. రాతి ముక్క లోపలైనా సరే, బిందువు పడిన స్ఫటికం 62.5 మైక్రాన్ల కంటే పెద్దదైతే దాన్ని ఆ ఖనిజంగానే లెక్కవేయాలి, రాతి ముక్కగా కాదు. ఎందుకు ఈ పట్టుదల? ముతక ఇసుకలో రాతి ముక్కలు ఎక్కువ, సన్న ఇసుకలో అవే విరిగి విడి ఖనిజాలవుతాయి. ఈ నియమం లేకపోతే మూలం ఒకటే అయినా గింజ పరిమాణం మారిందని జవాబు మారుతుంది.

సుబాథు ఛేదాల్లో అగ్నిపర్వత రాతి ముక్కలు, సముద్రపు అడుగురాయి మారగా వచ్చే సర్పెంటినైట్ ముక్కలు, క్రోమ్ స్పినెల్ కనబడతాయి. అంటే అతుకు రేఖ అప్పటికే పైకొచ్చి అరుగుతోంది. దగ్‌షాయిలోకి వచ్చేసరికి ఆ అగ్నిపర్వత సరుకు బాగా తగ్గి, కొద్దిగా మాత్రమే కాలిన పలకరాయి, ఫిల్లైట్ ముక్కలు ముందుకొస్తాయి. కసౌలిలో ఇంకాస్త ఎక్కువ కాలిన రాళ్ల ముక్కలు, అభ్రకం. చూశారా, మూలం కాలిన రాళ్లవైపు ఎలా జరుగుతోందో? ఈ మాట చెప్పడానికి ఒక్క జిర్కాన్ కూడా అవసరం పడలేదు.

భారీ ఖనిజాల గురించి, అంటే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కంటే బరువైనవాటి గురించి, రెండు మాటలే. శివాలిక్‌లో కింది నుంచి పైకి పోతుంటే స్టారోలైట్, తర్వాత కైనైట్ అనే లోతున పుట్టే ఖనిజాలు అగుపిస్తాయి, కనుక మూలంలో లోతైన రాళ్లు బయటపడుతూ వచ్చాయని పాతకాలం నుంచి చెబుతున్నారు. మాట నిజమే, కానీ చెక్ చేసుకోవాలి. పొర లోతుగా పూడుకుపోతే ఆ రాతి నీటిలోనే పైరాక్సిన్, హార్న్‌బ్లెండ్ కరిగిపోతాయి, తర్వాత ఎపిడోట్. చివరకు మిగిలేవి జిర్కాన్, టూర్మలిన్, రూటైల్. అంటే కింది పొరలో హార్న్‌బ్లెండ్ లేదంటే మూలంలో లేకపోవచ్చు, పొరలోనే కరిగిపోయి ఉండవచ్చు. గింజల అంచులు రంపపు పళ్లలా కొరికినట్టుంటే కరిగిందని అర్థం. పక్కనే తొందరగా సున్నం సిమెంటు పట్టిన గట్టి ముద్ద దొరికితే దాన్నీ చూడండి. దాని లోపల పాత ఖనిజాలు చెక్కుచెదరకుండా ఉంటాయి.

జిర్కాన్ దారి

మీలో చాలామంది దీనికోసమే వచ్చుంటారు. నెమ్మదిగా వెళ్దాం.

రాయిని జా క్రషర్‌లో పగలగొట్టి, డిస్క్ మిల్‌లో మెత్తగా చేసి, 300 మైక్రాన్ల జల్లెడ పడతాం. ఒకేసారి మెత్తగా పిండి చేయకండి, గింజలు విరుగుతాయి. కొద్దికొద్దిగా ఆడించి, జల్లెడ దిగనిదాన్ని మళ్లీ వేయాలి. ఒక నమూనా అయ్యాక క్రషర్ దవడలు, పళ్లేలు విప్పి, వైర్ బ్రష్‌తో తోమి, గాలి కొట్టి, శుద్ధమైన క్వార్ట్జ్ కొంత ఆడించి పారబోయాలి. జల్లెడ తీగల మధ్య ఇరుక్కున్న ఒక్క గింజ చాలు, తర్వాతి నమూనాలో రెండు కోట్ల ఏళ్ల జిర్కాన్‌గా తేలి, మొత్తం పొర వయసునే మార్చేస్తుంది. అలా ఒంటరిగా వచ్చిన చిన్న వయసు గింజను ఎవరూ వెంటనే నమ్మకూడదు. అదే వయసు మరో రెండు మూడు గింజల్లో కనిపించాలి.

తర్వాత నీటి బల్ల మీదో, పళ్లెంలోనో కడిగి తేలిక ఇసుకను పంపేస్తాం. చేతి అయస్కాంతంతో మాగ్నెటైటు, క్రషర్ ఇనుపరజను తీసేస్తాం. ఆపైన బ్రోమోఫాం, దాని సాంద్రత 2.89. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తేలతాయి, బరువైనవి మునుగుతాయి. బ్రోమోఫాం ఆవిరి ప్రమాదకరం, ఫ్యూమ్ హుడ్ కిందే వాడాలి. దాని బదులు సోడియం పాలీటంగ్‌స్టేట్ వాడవచ్చు, అది నీటితో కడుక్కునేది. తర్వాత ఫ్రాంజ్ అయస్కాంత యంత్రం. పక్కవాలు 15 డిగ్రీల దగ్గర పెట్టి, కరెంటు 0.3, 0.6, 1.0, 1.5 ఆంపియర్లు, ఇలా మెట్లుగా పెంచుతాం. మునుపటి మెట్లలో గార్నెట్, ఎపిడోట్, టూర్మలిన్ పోతాయి. చివరగా మిథిలీన్ అయోడైడ్, 3.3 చిల్లర. అపటైట్ తేలుతుంది, దాన్ని పారేయకండి, ఫిషన్ ట్రాక్‌కు (యురేనియం చీలినప్పుడు గింజలో పడే గీతలు లెక్కపెట్టే పద్ధతికి) పనికొస్తుంది. 4.6 పైబడిన జిర్కాన్ అడుగున చేరుతుంది.

ఇక్కడొక చిక్కుంది. యురేనియం ఎక్కువగా ఉన్న జిర్కాన్ లోపల రేడియేషన్ వల్ల దెబ్బతిని, గోధుమరంగుకు తిరిగి, కొంచెం అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. ఫ్రాంజ్‌లో ఆఖరి మెట్టు మరీ గట్టిగా నడిపితే ఆ గింజలు పోతాయి. ఒక అగ్నిశిల వయసు కొలిచేవాళ్లకు అది మేలే, మంచి గింజలు మిగులుతాయి. మనకు మాత్రం కీడు. మనకు కావలసింది అందమైన గింజలు కాదు, నది తెచ్చిన గింజలన్నీ, తెచ్చిన పాళ్లలో. సూక్ష్మదర్శిని కింద సూదితో ఏరేటప్పుడూ ఇదే కష్టం. చెయ్యి తనంతట తనే పెద్దవాటి మీదికి, మెరిసేవాటి మీదికి పోతుంది. అందుకని ఏరకండి. అంటుకునే టేపు మీద గింజలను గుంపుగా పోసి ఎపాక్సీ వేసేయండి. లేజరు కింద వరుసగా ఎడమ నుంచి కుడికి, ఏది వస్తే అది కొట్టండి.

ఎపాక్సీ బిళ్ల, సుమారు అంగుళం వెడల్పు, గట్టిపడ్డాక గింజ సగం తెగేదాకా అరగదీసి, ఒక మైక్రాన్ వజ్రపు పేస్టుతో నునుపు చేస్తాం. ఎక్కువ అరిగితే చిన్న గింజలు మాయమవుతాయి. మళ్లీ పెద్దవాటికే ఓటు పడుతుంది! తర్వాత కేథోడోల్యూమినిసెన్స్ ఫొటో, అంటే ఎలక్ట్రాన్లు తగిలి గింజ వెలిగేటప్పుడు తీసే ఫొటో, తప్పనిసరి. జిర్కాన్ లోపల పాత గుండె, దాని చుట్టూ కొత్త చుట్టు ఉంటుంది. మహా హిమాలయపు గింజల్లో ఇది మామూలే. లేజరు మచ్చ, 25 నుంచి 30 మైక్రాన్లు, రెంటి సరిహద్దు మీద పడితే వచ్చే వయసు రెండింటిదీ కాదు.

కొలిచేటప్పుడు ప్రతి అయిదారు గింజలకొకసారి ప్రామాణిక జిర్కాన్ కొట్టాలి. 91500 అనే గింజ, 106 కోట్ల చిల్లర, ఒకటి. ప్లెషోవిట్సె, 33.7 కోట్లు, ఇంకొకటి. ఒకదానితో సరిచేసుకుని, రెండోదాన్ని తెలియని గింజలాగానే లెక్కకట్టాలి. దాని తెలిసిన వయసు ఒకటి రెండు శాతం లోపల రాకపోతే ఆ రోజు లెక్కలన్నీ ఆపండి. వయసు ఏ నిష్పత్తితో రాయాలి? సుమారు 100 కోట్ల ఏళ్ల లోపువాటికి యురేనియం 238 నుంచి సీసం 206. అంతకంటే పాతవాటికి సీసం 207, 206ల నిష్పత్తి. ఆ రెండు గడియారాలూ పాత గింజల్లో పది శాతానికి మించి తేడాగా చూపిస్తే ఆ గింజలోంచి సీసం కారిపోయింది, పక్కన పెట్టాలి. ఎన్ని పక్కన పెట్టారో మాత్రం తప్పక రాయండి. ఒక మూలం గింజలే ఎక్కువ పాడై ఉంటే, ఆ మూలం మీ వయసుల పటంలోంచి చప్పుడు లేకుండా జారుకుంటుంది.

ఎన్ని గింజలు? అందరూ అడిగే ప్రశ్నే. 60 గింజలు కొలిస్తే, నూటికి అయిదు ఉన్న ఒక ఫలానా వర్గం పూర్తిగా తప్పిపోయే అవకాశం అయిదు శాతం లోపు. కానీ అలాంటి వర్గాలు ఎన్ని ఉన్నా ఏ ఒక్కటీ తప్పిపోకూడదంటే 117 కావాలని 2004లో భూవిజ్ఞాని పీటర్ వెర్మీష్ లెక్కకట్టారు. నూటికి ఒక్కటే ఉన్న వర్గం చిక్కాలంటే 300. లద్దాఖ్ గింజ లేదు అని రాసేవాళ్లు ఎన్ని కొలిచి లేదంటున్నారో చూడండి. 60 కొలిచి లేదనడం వేరు, 300 కొలిచి లేదనడం వేరు.

వయసు ఎందుకు చాలదు

జిర్కాన్ గట్టిది. అరగదు, కరగదు. అదే దాని గొప్ప, అదే మన తలనొప్పి. టెథియన్ ఇసుకరాయిలో ఉన్న 110 కోట్ల గింజ ఎక్కడో పుట్టి, అక్కడ పూడి, మళ్లీ తవ్వబడి, దగ్‌షాయిలో పడింది. దగ్‌షాయి పైకి లేస్తే శివాలిక్‌లో పడుతుంది. శివాలిక్ అరిగితే ఇవాళ్టి ఘగ్గర్ నదిలో పడుతుంది. వయసు మాత్రం మారదు. టెథియన్‌కీ మహా హిమాలయానికీ, లఘు హిమాలయపు బయటి పట్టీకీ వయసులు ఎక్కడికక్కడ కలిసిపోవడం వల్ల, జిర్కాన్ ఒక్కటే ఈ మూడింటినీ విడదీయలేదు. పైగా సున్నపురాయి కొండ ఎంత అరిగినా జిర్కాన్ ఇవ్వదు, బసాల్టు దాదాపు ఇవ్వదు, గ్రానైటు మాత్రం పుష్కలంగా ఇస్తుంది. జిర్కాన్ల శాతాన్ని కొండల విస్తీర్ణపు శాతంగా చదవడం పెద్ద తప్పు. గింజ పరిమాణం మాట ఇందాక వాయిదా వేశాను కదా, అదీ ఇక్కడే. కొన్ని మూలాలు పెద్ద జిర్కాన్లిస్తాయి, కొన్ని చిన్నవి. ప్రవాహం పరిమాణాన్ని బట్టి వేరు చేసేస్తుంది. ముతక ఇసుకనీ సన్న ఇసుకనీ పోలిస్తే, మూలం మారకుండానే పటం మారుతుంది.

మరి దారేది? జిర్కాన్‌కు లేని గుణమున్నవాళ్లను పిలవాలి. తెల్ల అభ్రకాన్ని చూడండి. మెత్తటి రేకు. ఒకసారి ప్రయాణించి, మళ్లీ తవ్వబడి, రెండోసారి ప్రయాణిస్తే చాలావరకు చిరిగిపోతుంది. కనుక పొరలో నిక్షేపంగా ఉన్న అభ్రకం ఎక్కువగా కొండ నుంచి నేరుగా వచ్చినదే. పొటాషియం ఎంత ఆర్గాన్‌గా మారిందో చూసే ఆర్గాన్ పద్ధతిలో దాని వయసు అది పుట్టిన కాలం చెప్పదు, సుమారు 400 డిగ్రీల లోపుకు చల్లబడిన కాలం చెబుతుంది. అంటే ఆ రాయి కొండ లోపలి నుంచి పైకొస్తున్న కాలం. 1997లో భూవిజ్ఞాని నజ్మాన్ బృందం దగ్‌షాయి, కసౌలి అభ్రకాలను ఒక్కొక్క రేకు చొప్పున కొలిచింది. దగ్‌షాయిలో 2.8 కోట్ల ఏళ్లవి, కసౌలిలో 2.2 కోట్ల ఏళ్లవి ఉన్నాయి. పొరలో ఉన్న అభ్రకం కంటే పొర పాతది కాలేదు కదా? అంతకు ముందు శిలాజాలు సరిగా దొరక్క ఊగిసలాడిన ఆ పొరల వయసుకు ఒక హద్దు దొరికింది. అంతేకాదు, హిమాలయపు లోపలి రాళ్లు అప్పటికే బయటపడి అరుగుతున్నాయనీ తేలింది.

ఇంకొకటి నియోడిమియం. ఇది బురదరాయి మొత్తంలో కొలిచేది, గింజల ఏరివేతతో పనిలేదు. దాని ఐసోటోపుల నిష్పత్తి ఒక ప్రామాణిక విలువకు ఎంత తేడాగా ఉందో చెప్పే అంకెను ఎప్సిలాన్ అంటారు. మహా హిమాలయానికి ఎప్సిలాన్ విలువ మైనస్ 15 చుట్టూ, లఘు హిమాలయపు లోపలి పట్టీకి మైనస్ 20 నుంచి మైనస్ 25. లద్దాఖ్ లాంటి కొత్త అగ్నిశిలలు సున్నాకు దగ్గరగా లాగుతాయి. శివాలిక్‌లో 186 కోట్ల జిర్కాన్లు పెరిగిన చోటే నియోడిమియం కూడా మైనస్ 20 వైపు దిగితే, లఘు హిమాలయం నిజంగానే పైకొచ్చి అరుగుతోందని ధైర్యంగా రాయవచ్చు. జిర్కాన్ పెరిగి నియోడిమియం కదలకపోతే ఆగండి. పాత ఇసుకే మళ్లీ తిరిగొచ్చి ఉండవచ్చు.

ఆఖరున ఆ సుబాథుకూ దగ్‌షాయికీ నడుమనున్న తెల్ల ఇసుకరాయి గురించి చెప్పాలి. దాదాపు అంతా క్వార్ట్జే. సముద్రం మెల్లగా వెనక్కి తగ్గి, ఆగకుండా నదులు వచ్చాయనీ, ఈ తెల్ల పొర ఆ మార్పు నడుమ వచ్చిన తీరపు ఇసుక అనీ పాత వాదన. ఆ ఇసుకలోని జిర్కాన్లకు ఫిషన్ ట్రాక్ వయసు చూశారు. అది సుమారు 240 డిగ్రీల లోపుకు చల్లబడిన కాలం చెబుతుంది. సుమారు 3.1 కోట్ల ఏళ్ల గింజలు బయటపడ్డాయి. సుబాథు సముద్రం సుమారు 4.1 కోట్ల ఏళ్ల కిందటే ఆగింది. అంటే మధ్యలో కోటి ఏళ్ల పొరలు అక్కడ లేవు. ఈ వాదన నిలబడాలంటే ఒక షరతుంది. ఆ పొర పూడుకున్నాక 240 డిగ్రీల దగ్గరికి వేడెక్కి ఉండకూడదు. వేడెక్కితే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 3.1 కోట్లు అనేది కొండ కథ కాక పొర కథ అవుతుంది. దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, ఒకే ముక్కలోని గింజలన్నీ ఒకే చిన్న వయసు చూపిస్తే అనుమానించాలి. పాతవి పాతవిగానే, కొత్తవి కొత్తవిగానే విడివిడిగా ఉంటే వేడి తగల్లేదు. పక్క బురదరాయిలో ఇల్లైట్ అనే బంకమట్టి ఖనిజం ఎంత స్ఫటికీకరించిందో ఎక్స్-రేతో చూస్తే అదీ సాక్ష్యమే. మీరెవరైనా అక్కడికి వెళ్తే, ఆ తెల్ల పొర అడుగు నుంచి ఒక నమూనా, నెత్తి నుంచి ఒకటి, దాని కిందా పైనా ఉన్న ఎర్ర బురదరాయి చెరొక పావుకిలో తీసుకోండి. సుబాథు పైభాగంలోనూ ఎర్ర బురదరాయి ఉంది, దగ్‌షాయిలోనూ ఉంది. సంచి మీద తెల్ల పొరకు కిందా, పైనా అన్నది రాయకపోతే ప్రయోగశాలకు వచ్చాక రెండూ ఒక్కలాగే ఉంటాయి.